పాత పేపరుకి పన్నెండు పౌన్లు

మా వీధిలోకి పదిహేను రోజులకోసారి "పాత పేపర్లు కొంటాం... పాత పుస్తకాలు కొంటాం..." అని కేకేసుకుంటూ ఒకతను వస్తాడు. అటక మీద పేర్చి పెట్టిన పేపర్లన్నీ దింపి, అతని తక్కెడ వంక కళ్ళార్పకుండా చూస్తూ, కిలోకి రూపాయి ఎక్కువ రాబట్టడానికి అరగంట బేరమాడే మనిషిని నేను. అలాంటి నేను 2023 మే నెలలో లండన్‌లో ఒకే ఒక్క పాత పేపరుకి 12 పౌన్లు ఇచ్చి కొన్నాను. అప్పటి లెక్కన మన డబ్బుల్లో పన్నెండొందల పైమాటే!

ఆ రాత్రి మావారికి ఫోన్ చేసి చెప్పాను.

"కిలో అంతా?" అన్నారు.

"కాదండీ, ఒక్కటే."

అవతల కాసేపు మాట లేదు. "ఇక్కడ అటక నిండా ఉన్నాయి కదే, అవి పట్టుకెళ్ళి అక్కడ అమ్ముకోవాల్సింది" అన్నారు చివరికి.

నవ్వొచ్చింది గానీ, ఆయనకి ఫోనులో ఏం చెప్తాను? ఈ పేపరు కథ చెప్పాలంటే మా నాయనమ్మ దగ్గర మొదలుపెట్టాలి.

ఖాళీ పీట

మాది పశ్చిమ గోదావరి. పుట్టిల్లు గోదావరి గట్టుకి దగ్గర్లోనే. సంక్రాంతికి మా ఇళ్ళల్లో పెద్దలకి బట్టలు పెడతాం. పీటలు వాల్చి, పోయినవాళ్ళ ఫోటోలు తుడిచి బొట్లు పెట్టి, మగవాళ్ళకి పంచెలూ ఆడవాళ్ళకి చీరలూ పెట్టి, గుమ్మడికాయ కూరా, గారెలూ, అరిసెలూ వడ్డించి, సాంబ్రాణి వేసి తలుపు దగ్గరగా వేసి వచ్చేస్తాం. వాళ్ళు వచ్చి తిని వెళ్తారని నమ్మకం.

ఆ వరసలో చివరి పీట మీద ఫోటో ఉండేది కాదు. పసుపు రాసి, బొట్టు పెట్టి, దాని మీద ఒక పంచె పెట్టేవారు. "అదెవరికి నాయనమ్మా?" అంటే, "బస్రా అన్నయ్యకి" అనేది.

నాయనమ్మకి ఒక్కడే అన్న. మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో పటాలంలో చేరి బస్రా వెళ్ళాడు. మా జిల్లాలో అది వింతేం కాదు. తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం అనే ఊరుంది. ఇంటింటి నుంచీ సైన్యంలో చేరారని ఆ ఊరిని ఇప్పటికీ మిలటరీ మాధవరం అనే అంటారు. అన్న వెళ్ళేనాటికి నాయనమ్మకి ఎనిమిదేళ్ళు. తిరిగి రాలేదు. ఇంగ్లీషులో ఒక కాగితం వచ్చింది, కరణంగారు చదివి సంగతి చెప్పారు, అంతే. ఆ కాగితాన్ని ముప్ఫై ఏళ్ళకి పైగా ట్రంకుపెట్టెలో దాచుకుంది. 1953 గోదావరి వరదల్లో పెట్టె మునిగి అది కాస్తా ముద్దయిపోయింది. దానితోపాటే ఆయన పటాలం పేరూ, నెంబరూ కూడా పోయాయి. మిగిలింది బస్రా అన్న మాటొక్కటే.

"పుట్టింటి వాళ్ళకి మన గడపలో పెట్టడమేంటి?" అని అత్తగారు సణిగినా నాయనమ్మ వినలేదట. ఆవిడ పుట్టింట్లో పెట్టేవాళ్ళెవరూ మిగల్లేదు మరి. 1981లో నాయనమ్మ పోయాక, ఆ పీట సంగతి మా మేనత్త చూసుకుంటోంది. మావయ్యగారు పోయాక అత్త మా తమ్ముడి దగ్గరే ఉంటోంది.

మా అమ్మాయి పురిటికని నేను లండన్ బయల్దేరుతుంటే అత్త నా చెయ్యి పట్టుకుంది. "అమ్మాయ్, ఆ యుద్ధం చేయించింది వాళ్ళే కదే. వాళ్ళ దగ్గర మా మావయ్య బొమ్మేదైనా ఉంటుందేమో చూసి రా" అంది. ఎనభై అయిదేళ్ళ మనిషి నోరు తెరిచి అడిగితే కాదని ఎలా అంటాం?

సంతలో యుద్ధాలు

మనవడికి రెండో నెల వచ్చాక ఒకరోజు అల్లుడుతో ఈ మాట అన్నాను. "మ్యూజియాల్లో ఫోటోలుంటాయి గానీ చేతికివ్వరు కదా అత్తయ్యగారూ. ఆ కాలంలో బొమ్మలతో వారపత్రికలు వచ్చేవి. అవి శనివారం సంతలో దొరుకుతాయి, వెళ్దాం" అన్నాడు.

ఆ సంత పేరు పోర్టోబెల్లో రోడ్డు. నాటింగ్ హిల్ గేట్ స్టేషన్‌లో దిగి జనం ఎటు వెళ్తుంటే అటు నడవడమే. ముందు రంగురంగుల ఇళ్ళు, మన పెళ్ళివారిళ్ళకి సున్నాలు వేసినట్టు ఒకటి గులాబీ, ఒకటి నీలం, ఒకటి పసుపు. ఆ తర్వాత పాత వస్తువుల కొట్లు: వెండి చెంచాలు, పింగాణీ కప్పులు, గడియారాలు, లేసు అల్లికలు. ఇంకా ముందుకెళ్తే కూరగాయలు, పళ్ళు. ఆ చివర వంతెన కింద పాతబట్టలు. అచ్చం మన సంతే, కాకపోతే ఈగల్లేవు!

ఆ రోడ్డుకి ఆ పేరు కూడా ఒక యుద్ధం నుంచే వచ్చిందట. ఎక్కడో పనామాలో ఉన్న పోర్టోబెల్లో అనే రేవుని 1739లో ఇంగ్లీషు నౌకాదళం పట్టుకుంటే, ఆ సంబరంలో ఇక్కడి ఒక వ్యవసాయ క్షేత్రానికి ఆ పేరు పెట్టారు. పొలం పోయి రోడ్డు వచ్చింది, పేరు మిగిలింది.

ఒక సందులోకి తిరిగితే చిన్న కొట్టు. డెబ్భై దాటిన ఒకావిడ శాలువా కప్పుకుని, ఫ్లాస్కులో టీ పోసుకుంటూ కూర్చుంది. ఎదురుగా అట్టపెట్టెల్లో నిలబెట్టిన పేపర్లు. ఒక్కో పెట్టె మీద ఒక్కో యుద్ధం పేరు! క్రిమియా, ఇండియా 1857, అమెరికా అంతర్యుద్ధం, బోయర్ యుద్ధం, 1914-18, 1939-45. మనం కందిపప్పు, మినప్పప్పు అని డబ్బాల మీద చీటీలు అంటించుకుంటాం చూడండి, అలాగన్నమాట. ఇన్నేసి ప్రాణాలు పోయిన యుద్ధాలు ఇలా వరసగా పెట్టెల్లో కూర్చోవడం చూస్తే మనసు ఒకలా అయిపోయింది.

"చేతులు తడిగా లేవు కదా? అయితే తీసి చూడండి" అందావిడ. ఇంట్లో ఆవకాయ జాడీ దగ్గర మా అత్తగారు అనే మాటే!

చెక్క మీద చెక్కిన వార్తలు

ఆవిడ ముందుగా చేతికిచ్చింది ఇల్లస్ట్రేటెడ్ లండన్ న్యూస్. బొమ్మలతో వార్తలు చెప్పడానికి పుట్టిన మొట్టమొదటి వారపత్రిక ఇదే. 1842 మే 14న మొదటి సంచిక వచ్చింది. 16 పేజీలు, 32 బొమ్మలు, ఆరు పెన్నీల ధర. మొదటి సంచికే 26 వేల కాపీలు అమ్ముడైంది. పెట్టినాయన హెర్బర్ట్ ఇంగ్రామ్. నాటింగ్‌హామ్‌లో పేపర్ల కొట్టు నడుపుతూ, బొమ్మ ఉన్న రోజున పేపరు ఎక్కువ అమ్ముడవుతోందని కనిపెట్టాడు. కొట్లో కూర్చున్నవాడికి తెలిసే రహస్యం అది.

అప్పట్లో ఫోటోని నేరుగా అక్షరాలతో కలిపి అచ్చు వెయ్యడం రాదు. చిత్రకారుడు వేసిన బొమ్మని బాక్స్‌వుడ్ అనే గట్టి చెక్క మీద తిరగేసి గీసి, సన్నటి ఉలితో చెక్కి, దానితో అచ్చు వేసేవారు. ఆ చెట్టు పెద్దగా లావెక్కదు. అందుకని చిన్నచిన్న చెక్క దిమ్మల్ని వెనక బోల్టులతో బిగించి ఒక పెద్ద పలక చేసేవారు. బొమ్మ గీయడం కాగానే బోల్టులు విప్పి, ఒక్కో ముక్క ఒక్కో పనివాడికి పంచేవారు. రాత్రంతా ఒకడు ఆకాశం, ఒకడు గుర్రాలు, ఒకడు మనుషులు చెక్కి తెల్లారేసరికి మళ్ళీ బిగించేవారు. పెళ్ళింట్లో నలుగురాడవాళ్ళు తలో పళ్ళెం తీసుకుని కూరలు తరిగినట్టే కదూ?

ఆవిడ భూతద్దం ఇచ్చింది. ఒక పెద్ద బొమ్మలో అడ్డంగా, నిలువుగా సన్నటి తెల్లగీతలు కనిపించాయి. ముక్కలు అతికిన చోట్లవి. "అవి లోపం కాదు, పుట్టుమచ్చ. అసలు కాగితమని గుర్తు" అందావిడ.

బొమ్మ ఉంది కదా అని అంతా నిజమనుకోవద్దని కూడా ఆవిడే చెప్పింది. ఆ మొదటి సంచికలోనే హాంబర్గ్ నగరం తగలబడుతున్న బొమ్మ వేశారు. వేసినవాళ్ళెవరూ హాంబర్గ్ వెళ్ళలేదు. బ్రిటిష్ మ్యూజియంలో ఆ ఊరి పాత చిత్రం ఒకటుంటే దాన్ని నకలు తీసి, పైన మంటలూ పొగలూ కలిపేశారు! ఆ తర్వాత 1853-56 క్రిమియా యుద్ధం వచ్చేసరికి చిత్రకారుల్ని యుద్ధరంగానికే పంపారు. వాళ్ళు గీసి పంపినవి ఓడ మీద లండన్ చేరడానికి వారాలు పట్టేది. 1855లో రోజర్ ఫెంటన్ అనే ఆయన ఒక సారా వర్తకుడి బండిని కొని, దాన్ని ఫోటోలు కడిగే చీకటిగదిగా మార్చి క్రిమియా తీసుకెళ్ళాడు. ఆ ఫోటోల్ని కూడా చెక్క మీద చెక్కించే పత్రికలో వేశారు. అప్పటి కెమెరా ముందు మనిషి కదలకూడదు. అందుకని ఆయన ఫోటోల్లో గుడారాలూ, టీ తాగే దొరలూ ఉంటారు గానీ పోరాటం ఉండదు.

అసలేది, నకలేది

నా కళ్ళు 1857 పెట్టె మీద పడ్డాయి. ఒక బొమ్మ భలే రంగుల్లో ఉంది. "ఇది ఎంత?" అన్నాను.

"దానికి రంగులు ఈమధ్య ఎవరో వేశారు" అందావిడ నిర్మొహమాటంగా. ఈ పత్రిక మొదటిసారి రంగుల్లో బొమ్మ వేసిందే 1855 క్రిస్మస్‌కి. మామూలు వారాల్లో అంతా నలుపూ తెలుపే. ఇప్పుడు ఫ్రేము కట్టించుకునేవాళ్ళ కోసం పేజీలు విడదీసి రంగులు అద్ది అమ్ముతున్నారు. ఆరు నెలల సంచికలు కలిపి బైండు చేసిన పుస్తకాన్ని చింపి ఒక్కో పేజీ అమ్మితే ఎక్కువ డబ్బులొస్తాయట. "నేను చింపను. చింపాక ఇటు బొమ్మ మిగులుతుంది, అటు వార్త పోతుంది" అంది. ఆ మాట నాకు నచ్చింది.

ఆవిడ చెప్పిన గుర్తులు మీకూ చెప్తాను, ఎప్పుడైనా పనికొస్తాయి. 1855కి ముందు పేపర్ల మీద ప్రభుత్వం పన్ను వేసేది. పన్ను కట్టినందుకు పేజీ మీద ఎర్రటి ముద్ర ఉంటుంది. చెక్కతో అచ్చు వేసిన బొమ్మని భూతద్దంలో చూస్తే గీతలు నిండుగా నల్లగా ఉంటాయి. చుక్కలు చుక్కలుగా కనిపిస్తే అది తర్వాతెప్పుడో తీసిన నకలు. ఎడమ అంచున సూదిపోట్ల రంధ్రాలుంటే బైండులోంచి తీసిందని అర్థం.

ఇంకో విచిత్రం. నూట డెబ్భై ఏళ్ళ నాటి క్రిమియా కాగితం ఇంకా తెల్లగా, పాత నేతచీరలా మెత్తగా ఉంది. నూరేళ్ళు దాటిన 1914 నాటి కాగితమేమో మాడిన అప్పడంలా గోధుమరంగుకి తిరిగి, మడత దగ్గర విరిగిపోతోంది. ముందుది నూలు, నార గుడ్డపేలికల్ని నానబెట్టి చేసిన కాగితం. తర్వాతది చెట్ల గుజ్జుతో చేసింది. చెక్కలో ఉండే లిగ్నిన్ అనే పదార్థం వెలుతురు తగిలితే రంగు మారుతుంది. పైగా ఆ కాగితంలో ఆమ్లం కూడా ఉంటుంది. చవగ్గా చేసింది చవగ్గానే పోతుందన్నమాట.

పధ్నాలుగు మంది

ఇక నేను వచ్చిన పని. 1914-18 పెట్టె అన్నిటికంటే పెద్దది. ఆ యుద్ధం వచ్చాక బొమ్మల పత్రికలు వెల్లువెత్తాయి. వార్ ఇల్లస్ట్రేటెడ్ అని 1914 ఆగస్టు 22న మొదలై, రెండు పెన్నీలకి వారం వారం వచ్చి, 1919 ఫిబ్రవరి 8 దాకా నడిచింది. స్ఫియర్, గ్రాఫిక్ లాంటివి అంతకుముందు నుంచే ఉన్నాయి. అప్పటికి ఫోటోలు నేరుగా అచ్చు వెయ్యడం వచ్చేసింది. పేజీ తిప్పితే ఒకవైపు కందకాల్లో సైనికులు, ఇంకోవైపు సబ్బులు, కోకో, బలానికి టానిక్కుల ప్రకటనలు. కొడుకు యుద్ధంలో ఉండగా ఇంట్లో తల్లి చదువుకున్న పత్రిక ఇది. ఎవరో ఒకావిడ అంచున పెన్సిలుతో ఏదో కూడిక వేసుకుంది. పచారీ లెక్కో, పాల లెక్కో!

"ఏ చోటు కావాలి?" అందావిడ.

"బస్రా."

ఆవిడ నా వంక ఒకసారి చూసి, "మెసొపొటేమియా" అంటూ వెనక వరసలోకి చెయ్యి పెట్టింది. ఇప్పటి ఇరాక్‌ని అప్పుడు అలా అనేవారు. ఆ యుద్ధంలో మన దేశం నుంచి పది లక్షల మందికి పైగా సముద్రాలు దాటి వెళ్ళారు. అందులో ఎక్కువమంది వెళ్ళింది అక్కడికే. 1914 నవంబరులో బస్రా పట్టుకున్నారు. 1916 ఏప్రిల్‌లో కుట్ అనే ఊళ్ళో నెలల తరబడి తిండి లేక దాదాపు 13 వేలమంది లొంగిపోయారు. 1917 మార్చి 11న బాగ్దాద్ చేజిక్కింది. వంతెనలు కట్టే, దారులు వేసే మద్రాసు సాపర్స్ దళం కూడా ఆ ఎడారుల్లో పనిచేసింది.

ఆవిడ తీసిన 1917 నాటి సంచికలో ఒక ఫోటో ఉంది. నది. నది మీద పడవలు వరసగా కట్టి వేసిన వంతెన. తాడు పట్టుకుని లాగుతున్న మనవాళ్ళు. లెక్కపెట్టాను, పధ్నాలుగు మంది. కొందరి మొహాలు కనిపిస్తున్నాయి, కొందరివి లేవు. చివరతను అటు తిరిగి ఉన్నాడు. పేజీకి ఇంకోవైపు గుర్రం మీద ఒక దొర. కింద దొరగారి పేరు, హోదా, బిరుదులతో సహా ఉన్నాయి. వంతెన బొమ్మ కింద మాత్రం భారతీయ దళాలు అని ఉంది. అంతే.

అమ్మాయి నా భుజం మీద చెయ్యి వేసి, "అమ్మా, పధ్నాలుగు మందిలో ఒక్కరి పేరు కూడా వెయ్యలేదే" అంది.

ఆ పెట్టెలో ఇంకో పది సంచికలు తిరగేశాం. అన్నిచోట్లా అదే వరస. దొరలకి పేర్లు. మనవాళ్ళకి ఒక గుంపు పేరు.

"మీవాళ్ళ పటాలం నెంబరేమైనా తెలుసా?" అందావిడ. తెలీదన్నాను. పేరు చెప్తే, ఊరికి నలుగురికి ఉండే పేరు. ఆవిడ కళ్ళజోడు తీసి చెప్పిన మాట నాకిప్పటికీ గుర్తే. "ఇందులో మీ తాతగారున్నారని చెప్పి మీకు అమ్మడం నాకు తేలికే మేడమ్. మీరూ సంతోషంగా కొనుక్కుంటారు. కానీ ఆ సంగతి నాకు తెలీదు, మీకూ తెలీదు. తెలియంది తెలియనట్టే తీసుకెళ్ళండి."

15 పౌన్లు చెప్పింది. అలవాటు ఎక్కడికి పోతుంది, బేరమాడి పన్నెండుకి తెచ్చాను. ఆవిడ నవ్వుతూ రెండు గట్టి అట్టల మధ్య పెట్టి, ఎండ తగలనివ్వద్దని మరీ మరీ చెప్పి ఇచ్చింది.

తొమ్మిది వంటిళ్ళ రాజభవనం

ఆ పెట్టెలోనే ఇంకో సంచికలో నన్ను కట్టిపడేసిన బొమ్మ ఒకటుంది. పెద్ద పెద్ద దీపాల గుత్తుల కింద, బంగారు రంగు గోడల మధ్య, మంచాల మీద తలపాగాలతో మన సైనికులు! "ఇది బ్రైటన్, ఇక్కడికి గంట ప్రయాణం" అన్నాడు అల్లుడు. మర్నాటి వారం పిల్లాణ్ణి బండిలో పడుకోబెట్టుకుని విక్టోరియా స్టేషన్‌లో రైలెక్కాం.

బ్రైటన్ సముద్రపు ఒడ్డు ఊరు. మధ్యలో రాయల్ పెవిలియన్ అని ఒక రాజభవనం. రెండు వందల ఏళ్ళ కిందట నాలుగో జార్జి సరదాపడి, గుమ్మటాలూ మినార్లతో అచ్చం మన దేశపు కోటలా కట్టించుకున్నాడు. ఫ్రాన్స్‌లో గాయపడిన మన సైనికుల కోసం 1914 డిసెంబరులో దాన్ని ఆసుపత్రి చేశారు. 700కు పైగా పడకలు వేశారు. మతాలూ కులాల పట్టింపులకి తగ్గట్టు తొమ్మిది వంటిళ్ళు పెట్టారు. హిందువులకీ ముస్లిములకీ మంచినీళ్ళ కుళాయిలు వేరు. ఎవరి వంట వాళ్ళవాళ్ళే వండుకునేవారు. ఆ తొమ్మిది వంటిళ్ళ మాట విన్నప్పటి నుంచీ, అంత చలిలో ఆ పొయ్యిల దగ్గర కూర్చున్న వంటవాళ్ళే నా కళ్ళ ముందు మెదిలారు.

మనవాళ్ళని ఎంత బాగా చూసుకుంటున్నామో లోకానికి చూపించాలని ఆ బొమ్మల్ని పత్రికలకి తెగ ఇచ్చారు. బాగా చూసుకున్న మాట అబద్ధం కాదు. కానీ ఆ సైనికుల్ని ఊళ్ళో ఇష్టం వచ్చినట్టు తిరగనిచ్చేవారు కాదు. ఇంటికి రాసే ఉత్తరాలు ముందు సెన్సారువాళ్ళు చదివేవారు. అది బొమ్మలో కనపడదు కదా. ఇప్పుడు పెవిలియన్‌లో ఆ ఆసుపత్రి కథ చెప్పే గది ఒకటుంది, చూసి తీరాలి.

అక్కణ్ణుంచి ఊరి చివర ప్యాచమ్ అనే చోటికి వెళ్ళి, గడ్డి మైదానాల మీదుగా కొండెక్కాం. బండ్లు వెళ్ళవు, నడవాల్సిందే. పైన ఎవరూ లేని చోట తెల్లటి పాలరాతి మండపం, ఎనిమిది స్తంభాలు, ఒక గుమ్మటం. పేరు ఛత్రి. బ్రైటన్ ఆసుపత్రుల్లో చనిపోయిన హిందూ, సిక్కు సైనికులు 53 మందిని దహనం చేసిన చోటు అది. 1921 ఫిబ్రవరి 1న ఆవిష్కరించారు. ఆ 53 మంది పేర్లు మాత్రం అక్కడ రాయి మీదికి 2010లో ఎక్కాయి. ఎనభై తొమ్మిదేళ్ళు పట్టింది!

పేర్ల మీద వేలు పెట్టి ఒక్కొక్కటీ చదివాను. మా తాతయ్య పేరు ఉండదని తెలుసు. బస్రాలో ఒక స్మారకం ఉంది. సమాధి తెలియని 40 వేలమందికి పైగా సైనికుల కోసం కట్టింది. అందులో ఇంగ్లీషు సైనికుల పేర్లూ, మన అధికారుల పేర్లూ చెక్కారు. మామూలు మన సిపాయిలకి మాత్రం పటాలానికి ఇంతమంది అని అంకె వేసి వదిలేశారు. ఈ వివక్ష నిజమేనని 2021లో ఆ స్మారకాలు చూసే కమిషనే ఒప్పుకుని క్షమాపణ చెప్పింది. పత్రికలో బొమ్మ కింద జరిగిందే రాతి మీదా జరిగిందన్నమాట. కొండ మీద గాలికి కళ్ళు చెమర్చాయని అమ్మాయితో అన్నాను. అది నమ్మలేదనుకోండి.

దాచుకునేవారికి నాలుగు మాటలు

ఇల్లు చేరాక ఈ పేపరుని ఎలా దాచాలా అని నాలుగు చోట్ల కనుక్కున్నాను. మీ ఇంట్లో కూడా పాత ఉత్తరమో, శుభలేఖో, తాతగారి చేతిరాతో ఉంటే ఇవే పద్ధతులు పనికొస్తాయి.

చేతులు కడుక్కుని, బాగా తుడుచుకుని ముట్టుకోవాలి. ఇల్లస్ట్రేటెడ్ లండన్ న్యూస్ పేజీ దాదాపు 16 అంగుళాల పొడవు, 11 అంగుళాల వెడల్పు ఉంటుంది. అందుకని మడవకుండా పడుకోబెట్టడానికి పెద్ద పెట్టె కావాలి. చినిగిన చోట సెలోటేపు అసలు అంటించొద్దు, కొన్నేళ్ళకి గోధుమరంగు మరక దిగి ఇక వదలదు. లామినేషన్ చేయిస్తే మళ్ళీ విడదీయలేం. ఆమ్లం లేని కాగితం స్టేషనరీ కొట్లలో అడిగితే తెప్పిస్తారు, దాని మధ్య పెట్టాలి. అటక మీద వేడి, వంటింటి పక్క తేమ రెండూ శత్రువులే. పడగ్గది బీరువా మధ్య అర మేలు. వానాకాలం వెళ్ళాక ఒకసారి తీసి, పట్టుచీరలు చూసుకున్నట్టే పురుగు పట్టిందేమో చూసుకోవాలి. ఫ్రేము కట్టాలనిపిస్తే నకలు తీయించి కట్టండి. అసలుది చీకట్లోనే బతుకుతుంది.

ఇంకో మాట. ఇందుకోసం లండన్‌దాకా పోనక్కర్లేదు. హైదరాబాదు అబిడ్స్‌లో ఆదివారం పూట ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల గుట్టలుంటాయి. ఆంధ్రపత్రిక మద్రాసులో దినపత్రికగా మొదలైంది సరిగ్గా ఆ యుద్ధం వచ్చిన 1914లోనే. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడల మీద జపాను విమానాలు బాంబులు వేసిన నాటి పేపరు ఎవరి భోషాణం అడుగునో పరిచి ఉండకూడదా? పెట్టెల అడుగున పరిచే కాగితాలు మార్చేటప్పుడు తేదీ ఒకసారి చూడండి. తూకానికి వేసేముందు ఒక్క నిముషం, అంతే.

సంక్రాంతి నాడు

2024 సంక్రాంతికి పుట్టింటికి వెళ్ళాను. పండుగ ముందురోజే అత్త దగ్గర కూర్చుని పేపరు తీశాను. కళ్ళజోడు సవరించుకుని, వేలు ఆనించకుండా గాలిలోనే ఒక్కో మొహం మీదా తిప్పింది.

"ఇందులో మా మావయ్య ఎవరే?"

సంతలో ఆవిడ అన్న మాట గుర్తొచ్చింది. నిజం చెప్పొద్దూ, విమానంలో వస్తూ ఆలోచించాను కూడా. అటు తిరిగి ఉన్న ఆ చివరి మనిషిని చూపించి ఈయనే అని చెప్తే, ఈ వయసులో అత్త ఎంత పొంగిపోతుంది! అడిగేదెవరు, పట్టుకునేదెవరు? కానీ ఆ పధ్నాలుగు మందికీ వాళ్ళ వాళ్ళ ఇళ్ళల్లో ఎదురుచూసిన వాళ్ళుంటారు కదా. ఇంకొకరి అన్నని మా అన్న అని ఎలా చెప్పను?

"తెలీదత్తా. ఉన్నాడో లేడో కూడా తెలీదు. వీళ్ళెవరి పేర్లూ వెయ్యలేదు" అన్నాను.

అత్త చాలాసేపు మాట్లాడలేదు. నాకు గుండె గుబగుబలాడింది. అంత దూరం వెళ్ళి, అంత డబ్బు పోసి, ముసలామెని బాధపెట్టడానికేనా ఇది తెచ్చింది అనిపించింది.

"మొత్తం ఎంతమందున్నారు?" అంది చివరికి.

"పధ్నాలుగు."

"అయితే రేపు పధ్నాలుగు అరిసెలు విడిగా తీసి పెట్టు. వీళ్ళకి ఎవరింట్లో ఎవరు పెడుతున్నారో, అసలు పెడుతున్నారో లేదో."

మర్నాడు చివరి పీట మీద ఎప్పట్లాగే ఒక పంచె పెట్టాం. అసలు పేపరు బీరువాలోనే ఉంచి, నూనె చుక్కా సాంబ్రాణి పొగా తగిలినా ఫర్వాలేదని ఆ బొమ్మ నకలు పీట మీద పెట్టాను. దాని ముందు విస్తరాకులో పధ్నాలుగు అరిసెలు. అత్త లెక్కపెట్టి, ఇంకొకటి తెచ్చి పక్కన పెట్టింది.

"మావయ్య ఈ బొమ్మలో లేకపోతేనో?" అంది.